నిస్తంత్రీ సింక్ (చేతిఫోను)

చేతిఫోనులోని ఫోను సంఖ్యల పట్టికను, క్యాలెండరును ఇంటి కంప్యూటరులోని ప్రతితో తీగ లేకుండా పోల్చి, రెండింటినీ సమానం చేసే ప్రక్రియను '''నిస్తంత్రీ సింక్''' అంటారు. సాధారణంగా 10 మీటర్లలోపు బ్లూటూత్, ఇంట్లో రూటరు ఉంటే వై-ఫై ఇందుకు ఉపయోగపడతాయి. 2011లో విడుదలైన ఐఓఎస్ 5తో ఐఫోనుకు వై-ఫై సింక్ సౌకర్యం వచ్చినది. ఇది కేవలం నకలు తీయడం కాదు. ఒకవైపు తొలగించినది రెండవవైపు కూడా పోతుంది. కనుక ముందుగా వేరొక ప్రతిని భద్రపరచుకోవడం అవసరం.

చిక్కు ఎక్కువగా ల్యాండ్‌లైన్ సంఖ్యల వద్ద వస్తుంది. ఉదాహరణకు తెనాలి ఎస్.టి.డి. కోడ్ 08644, బాపట్లది 08643, రేపల్లెది 08648. ఊరిలోపల కోడ్ అక్కరలేదు గనుక చాలామంది ఆరంకెలే వ్రాసుకునేవారు. కంప్యూటరులో అలా వ్రాసి, ఫోనులో కోడ్‌తో వ్రాస్తే సింక్ తరువాత ఒకే మనిషి పేరు రెండుసార్లు కనబడవచ్చు. పైగా అవే ఆరంకెలు మరో ఊరిలో ఇంకొకరివి కావచ్చు. మొదటి సున్న తీసివేసి, తెనాలి సంఖ్యను +91 8644తో మొదలుపెట్టి రెండుచోట్లా ఒకే విధంగా వ్రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.