మెడదెబ్బ - రక్తపోటు



మన గంజాం పల్లెల్లో తాటిచెట్టు ఎక్కేవారు, కొబ్బరి దింపేవారు కొత్త కాదు. గోపాలపురం తీరాన అలల మీద పడవ నడిపే మన జాలరి సోదరులూ కొత్త కాదు. చెట్టు మీద మోకు జారినా, లోతు తెలియని నీటిలోకి తలకిందులుగా దూకినా, నెత్తిన బస్తాతో కాలు తడబడినా దెబ్బ మెడకు తగలవచ్చు. అలా పడ్డ మనిషి చుట్టూ చేరినవారు రెండు మాటలు అంటూ ఉంటారు. "రక్తం రాలేదు, పరవాలేదు" అన్నది ఒకటి. "ఒళ్లు వెచ్చగానే ఉంది, భయం లేదు" అన్నది రెండవది. ఈ రెండు మాటలూ మనల్ని ఎలా మోసం చేస్తాయో ఈనాడు చెప్పుకుందాం. మెడకూ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని మనిషి తెలుసుకున్న చరిత్ర కూడా ఇందులోనే ఉంది.

మెడ ప్రాణస్థానమని పూర్వులకు బాగా తెలుసు. సుశ్రుతుడు మెడలోని ఎనిమిది సిరామాతృకలను దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం తీసే మర్మాలలో చేర్చాడు. ఈజిప్టులో దొరికిన ఒక వైద్యగ్రంథం సుమారు 3600 ఏళ్ల నాటిది. మెడపూస తొలగి, కాళ్లూ చేతులూ స్పర్శ కోల్పోయి, మూత్రం తెలియకుండా కారిపోయే రోగిని అది వర్ణించి, ఇది చికిత్స చేయదగిన జబ్బు కాదని తేల్చింది. గ్రీకులు మెడకు రెండు వైపులా కొట్టుకునే పెద్ద ధమనులకు కెరోటిడ్ అని పేరు పెట్టారు. ఆ పేరు మత్తు, స్పృహ తప్పడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అక్కడ నొక్కితే మనిషి సోలిపోతాడని వారు గమనించారు. ఎందుకు సోలిపోతాడన్నది మాత్రం చాలా శతాబ్దాలు తేలలేదు.

రక్తానికి పోటు ఉందని కొలిచి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్. ఆయన ఒక గుర్రపు ధమనిలో గొట్టం అమర్చితే రక్తం ఎనిమిది అడుగులకు పైగా లేచింది. ఆ సంగతి 1733లో అచ్చయింది. 1799లో కేలబ్ పారీ అనే వైద్యుడు, మెడలోని ధమనిని నొక్కితే గుండె నెమ్మదిస్తుందని రాశాడు. 1851లో ఫ్రాన్సులో క్లోడ్ బెర్నార్డ్ కుందేలు మెడలోని ఒక నాడిని తెంచి చూశాడు. ఆ పక్క చెవి ఎర్రబడి వేడెక్కింది. ఆ నాడి రక్తనాళాలను బిగించి ఉంచేదనీ, అది తెగితే నాళాలు సడలి రక్తం నిండుతుందనీ ఆ తరువాత స్పష్టమైంది.

1920లలో జర్మనీలో హెరింగ్, బెల్జియంలో హేమాన్స్ మిగతా ముడి విప్పారు. కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట రక్తపోటును ఎప్పటికప్పుడు కనిపెట్టి మెదడుకు కబురు పంపే నాడులున్నాయి. పోటు పెరిగితే మెదడు గుండెను నెమ్మదింపజేస్తుంది, తగ్గితే నాళాలను బిగిస్తుంది. ఇలాంటి నాడీ ఏర్పాట్లు శ్వాసను ఎలా అదుపు చేస్తాయో కనుగొన్నందుకు హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే మెడ రెండు పనులు చేస్తోంది. పోటును కొలిచే చోటు అదే. నాళాలను బిగించమని మెదడు ఇచ్చే ఆజ్ఞ వెన్నుపాము గుండా కిందికి దిగే దారీ అదే.

ఇప్పుడు చెట్టు కిందికి మళ్లీ వద్దాం. మెడపూస విరిగి లోపలి వెన్నుపాము నలిగితే ఆజ్ఞ దిగే దారి తెగిపోతుంది. నాళాలు సడలిపోతాయి, రక్తపోటు పడిపోతుంది. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి మాత్రం తల నుంచి నేరుగా దిగుతుంది కనుక దానికి దెబ్బ తగలదు. అందుకే రక్తం పోయినవాడి ఒళ్లు చల్లబడి నాడి వేగంగా కొట్టుకుంటుంది, మెడ విరిగినవాడి ఒళ్లు వెచ్చగా ఉండి నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. బెర్నార్డ్ కుందేలు చెవి వేడెక్కిన కారణం, ఈ వెచ్చదనానికి కారణం ఒకటే. ఆ వెచ్చదనం క్షేమానికి గుర్తు కాదు.

కాబట్టి అలాంటి మనిషిని లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, మెడ లాగి సరిచేయకండి. కదిలించక తప్పనప్పుడు మాత్రమే, తలనూ ఒంటినీ ఒకే వరుసలో పట్టి, నలుగురూ కలిసి, గట్టి పలక మీదికో తలుపుచెక్క మీదికో చేర్చండి. 108కి ఫోను చేయండి.

పూర్వం మన ప్రాంతంలో ఈ ప్రయాణమే పెద్ద గండం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వైద్య కళాశాల ఉన్న పట్టణమంటే 1923 నుంచి విశాఖపట్నమే. బరంపురానికి వైద్య కళాశాల 1962లో వచ్చింది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరుతో నడుస్తున్నది అదే.

రోగి బతికి ఇల్లు చేరాక కథ తిరగబడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, లూడ్విగ్ గుట్‌మన్ ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో వెన్ను విరిగినవారి కోసం వైద్య కేంద్రం మొదలుపెట్టాడు. ఈజిప్టు వైద్యుడు వదిలేసిన రోగులనే ఆయన చేరదీశాడు. ఆయనా, విట్‌రిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడూ 1947లో ఒక విషయం ప్రకటించారు. ఇలాంటివారికి మూత్రాశయం నిండి ఉబ్బితే రక్తపోటు ఒక్కసారిగా ఎగిసిపోతుంది. మెడలోని కొలత నాడులు ఆ సంగతి మెదడుకు చెబుతాయి, మెదడు నాళాలను సడలించమంటుంది, కాని ఆ మాట దెబ్బ దాటి కిందికి దిగదు.

అందువల్ల ఇంట్లో మెడదెబ్బతో మంచాన ఉన్నవారుంటే గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం, ముఖానా మెడ మీదా చెమటలు కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించండి. బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడండి. మలబద్ధకం, పుండు కూడా కారణం కావచ్చు. తగ్గకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. వీరి మామూలు పోటు పై అంకె 90కీ 110కీ మధ్య ఉంటుంది. అందరికీ మామూలనిపించే 140 వీరికి ప్రమాద సూచన కావచ్చు. ఈ మాట డాక్టరుగారికి మీరే చెప్పాలి.

పడ్డవాడి దగ్గర కూర్చోబెట్టకూడదు, ఇంట్లో పోటు ఎగిసినవాడిని తప్పక కూర్చోబెట్టాలి. ఈ తేడా ఒక్కటి ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది.