కులానికి ఎంట్రీ ఉంది, కార్ఖానాకి లేదు (చరిత్రలో మన వాటా – 9)

ఆత్మకూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల మామ చెప్పులు కుట్టే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఒక షెడ్డు, ఆరుగురు పనివాళ్లు. "అన్నా, మామ కంపెనీ మీద వికీపీడియాలో పేజీ రాద్దామనుకుంటున్నా. ఉంచుతారా? తీసేస్తే మనోళ్లదని తీసేసినట్టే కదా?" అని అడిగాడు.

అవునని అనేస్తే సులువు. కానీ ముందు రూలు ఏందో చూద్దాం.

కంపెనీతో సంబంధం లేని వాళ్లు, నమ్మదగిన చోట, దాని గురించి వివరంగా రాసి ఉండాలి. అదీ ఒక్కచోట కాదు, కొన్ని చోట్ల. రిజిస్ట్రేషన్ కాయితం, జీఎస్టీ నంబరు, కరపత్రం, డబ్బులిచ్చి వేయించుకున్న పేపరు వార్త లెక్కలోకి రావు. కంపెనీ ఉందని అవి చెప్తాయి. దాన్ని బయటివాళ్లు పట్టించుకుని రాశారని చెప్పవు. తెలుగు వికీపీడియాలో దీన్ని 'విషయ ప్రాముఖ్యత' అంటారు.

ఈ రూల్లో కులం మాట ఎక్కడా లేదు. కానీ 'ఎవరో రాసి ఉండాలి' అనే షరతు ఉంది. మన దగ్గర ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు? చరిత్ర అక్కడ అడ్డొస్తుంది.

1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు భాగాలుగా అచ్చేశారు. ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాలకు అందులో విడివిడిగా చోటుంది. తిరగేస్తే ఎక్కువగా కనిపించేది రాజు, సామంతుడు, గుడి, దానం పట్టిన బ్రాహ్మణుడు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్నాడని బడిలో చెప్తారు. ఆ సైన్యానికి చెప్పులు, జీనులు, నీళ్ల తిత్తులు కుట్టిన చేతులు ఎవరివో ఆ పాఠంలో ఉండదు.

1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. నాలుగో సంపుటంలో 'మాదిగ' అని ఎంట్రీ ఉంది. అంటే మనకు ఎంట్రీ లేకపోలేదు. కులంగా ఉంది. పేరున్న పనిమంతుడిగా, కార్ఖానా యజమానిగా లేదు. ఈరోజు 'ఆధారం చూపించు' అని అడిగితే మన చేతికి అందేది ఆ పాత రాతే.

ఇట్లాంటి తగువే దక్షిణాఫ్రికాలో ఒక మాంసం కొట్టు మీద నడిచింది. కేప్‌టౌన్ పక్కన గుగులేతు అని ఒక పేట ఉంది. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లను ఊరికి దూరంగా నెట్టి కట్టిన పేట అది. మన వెలివాడ గుర్తొస్తుంది. అక్కడ మ్జోలీ అనే ఆయన మాంసం కొట్టు పెట్టాడు. మాంసం కొనుక్కుని అక్కడే కాల్పించుకుని తినేవాళ్లు. 2007 సెప్టెంబరులో వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ స్వయంగా దాని మీద ఒక్క వాక్యంతో పేజీ మొదలుపెట్టాడు. నిమిషాల్లోనే తీసేశారు! ప్రాముఖ్యత లేదన్నారు. పెద్ద గొడవైంది. చివరికి పేజీ నిలిచింది. వేల్స్ పేరు ఉందని కాదు, ఆ కొట్టు గురించి పత్రికలు, యాత్రా పుస్తకాలు రాసినవి వెతికి తెచ్చి పెట్టారు కాబట్టి నిలిచింది.

అయితే ఆ రూలే ఎత్తేయమందామా? వద్దు. 2015లో ఏం జరిగిందో చూడండి. డబ్బులు తీసుకుని దొంగచాటుగా పేజీలు రాస్తున్న 381 ఖాతాలను వికీపీడియా మూసేసింది. 210 వ్యాసాలు తీసేసింది. పేజీ తిరస్కరించిన చిన్న వ్యాపారుల దగ్గరికే పోయి 'డబ్బులిస్తే పెట్టిస్తాం' అని పిండుకున్న ముఠా అది. రూలు లేకపోతే డబ్బున్నోడి పేజీలే నిండుతాయి. మామ షెడ్డు అప్పుడూ కనపడదు.

మన ఉదయగిరి కొయ్య చెంచాలే తీసుకోండి. ఆ చేతిపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బయటివాళ్లు రాశారు, ఆ పని మీద పేజీ నిలబడుతుంది. కానీ అది చెక్కే ఒక్కో ఇంటికీ పేజీ రాదు. ఆ ఇల్లు గొప్పది కాదని కాదు, ఆ ఇంటి మీద విడిగా ఎవరూ వివరంగా రాయకపోతే పేజీకి ఆధారం ఉండదని.

అందుకే తమ్ముడికి ఉన్నమాట చెప్పాను. ఇప్పటికిప్పుడు మీ మామ కంపెనీకి పేజీ రాదు. వచ్చినా మేనల్లుడివి నువ్వు రాయకూడదు. అది మన మీద పగ కాదు. కానీ ఆ ఖాళీకి కారణం మాత్రం కులమే. దాన్ని పూడ్చే పని మనది.

యూనివర్సిటీలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ పీహెచ్‌డీ అంశం వెతుక్కుంటున్నారు కదా. పడమటి నెల్లూరు తోలు పని మీద ఒక్క థీసిస్ రాయండి. తంగేడు చెక్కతో తోలు ఊనిన ముసలాళ్ల మాటలు రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీతో లైబ్రరీలో పెట్టండి. జర్నలిస్టు మిత్రులారా, పండగ యాడ్ కాకుండా ఒక పూర్తి కథనం రాయండి. ముందు పనికి పేజీ వస్తుంది. ఆ తర్వాత పనిమంతుడికి.

చివర్లో తమ్ముడు అడిగాడు: "అయితే ఎన్నాళ్లు పడుతుంది అన్నా?"

"థర్‌స్టన్ రాసి వందేళ్లు దాటింది. నువ్వు ఈ సెలవుల్లో మొదలుపెట్టు" అన్నాను.

జై భీమ్.