భద్రమన్న డబ్బూ తరుగుతుందా?



2022 చివర్లో అమెరికా నుంచి మా మరదలు ఫోను చేసింది. "వదినా, భద్రమని మునిసిపల్ బాండ్ల ఫండులో దాచాను. అదే తరిగిపోయింది. అమ్మాయి కాలేజీ ఫీజు ఎలా కట్టను?" అంది.

అక్కడ ఊళ్లు మంచినీళ్ల గొట్టాలకీ, బళ్లకీ జనం దగ్గర అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పు పత్రాలే ఈ బాండ్లు. న్యూయార్క్ నగరం 1812లోనే ఇలా అప్పు చేసింది. 1913లో ఆదాయపు పన్ను వచ్చినప్పుడు ఈ వడ్డీని మినహాయించారు. 1976 చట్టంతో మ్యూచువల్ ఫండ్లకీ ఆ సదుపాయం దొరికింది. చిన్న మొత్తాలవారికి దారి సులువైంది.

మరి డబ్బెందుకు తరిగింది? బజారులో వడ్డీ రేట్లు పెరిగితే, తక్కువ వడ్డీ తెచ్చే పాత బాండ్లకి గిరాకీ ఉండదు కదా! 2022లో వడ్డీ కలుపుకున్నా ఆ బాండ్ల సూచీ దాదాపు 8.5 శాతం పడింది. 2023లో 6.4 శాతం లేచింది. అంటే నూరు తొంభై ఒకటిన్నరై, మళ్లీ తొంభై ఏడు దాటిందన్నమాట.

ఏళ్ల తరబడి కదపనివారికి చివరికి మిగిలేది ముఖ్యంగా వడ్డీయే. దాన్నీ ధరలు తినేస్తాయి. 1980లో అక్కడ ధరలు 13.5 శాతం పెరిగాయి మరి!

మా మరదలు ఆగలేకపోయింది. ఫీజు గడువు ముంచుకొచ్చి, నష్టానికే అమ్ముకుంది. తప్పు బాండుది కాదు. వచ్చే ఏడు కావలసిన డబ్బు అక్కడ పెట్టడమే పొరపాటు. "ఎంత వస్తుంది?" అనేముందు "ఎప్పుడు కావాలి?" అని మనల్ని మనం అడుగుదాం.

సెలవు.