కామరూపికి నాలుగు పేర్లు

పేస్టల్స్‌తో మబ్బులు గీద్దామని కూచున్న కొత్తలో నేను గీసినవన్నీ దూదిపింజల్లానే వచ్చేవి. కిటికీలోంచి ఒక మబ్బుని చూసి మొదలుపెట్టేవాణ్ణి. నీలికాగితం మీద తెల్లసుద్ద రుద్ది, వేలితో పులిమి, తలెత్తి చూస్తే అక్కడ ఆ మబ్బు ఉండేది కాదు. మిగతాది జ్ఞాపకం మీద పూర్తిచేసేవాణ్ణి. కాని ఆ జ్ఞాపకంలో ఉన్నది నేను చూసిన మబ్బు కాదు, చిన్నప్పుడు డ్రాయింగు పుస్తకంలో గీసిన మబ్బు.

అప్పుడు మబ్బుల్లో రకాలేమిటో చదువుకోవడం మొదలుపెట్టాను. క్యుములస్ మబ్బుకి తల ఎంత చిందరవందరగా ఉన్నా అడుగు చదునుగా ఉంటుందని చదివిన మర్నాడు మేడమీదకి వెళ్ళి చూస్తే, నిజమే, మబ్బులన్నీ కనిపించని గాజుపలక మీద పేర్చినట్టున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ ఆకాశం కిందే తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా గమనించలేదు. సంతోషం వేసింది. కాని కొన్నాళ్ళకి ఒక బెంగ కూడా పట్టుకుంది. తలెత్తగానే మబ్బు కన్నా ముందు దాని పేరు కనిపిస్తోంది. 'ఇది స్ట్రాటోక్యుములస్' అనుకోగానే చూడటం ఆగిపోతోంది. పేరు తెలియక చూడలేకపోయాను, తెలిశాక చూడటం మానేస్తానా?

ఈ సందేహం నాకొక్కడికే వచ్చింది కాదు. రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీలో ఒక మహాకవికీ, ఒక మహాచిత్రకారుడికీ మధ్య సరిగ్గా దీనిమీదే పేచీ వచ్చింది.

*

ఆ కథ లండన్‌లో మొదలవుతుంది. ల్యూక్ హొవార్డ్ (1772-1864) వృత్తిరీత్యా మందులూ రసాయనాలూ తయారుచేసే వ్యాపారి, మతం చేత క్వేకర్. 1802 డిసెంబరులో మిత్రుల విజ్ఞానసభ ఒకదానిలో మబ్బుల రూపభేదాల గురించి ఒక ప్రసంగం చేశాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. మబ్బులు ఎన్ని రూపాలెత్తినా మూలరూపాలు కొన్నేనని అతను చెప్పాడు. జుత్తుపాయల్లాగా సాగేది సిర్రస్. కుప్పపోసినట్టు పైకి లేచేది క్యుములస్. పొరలా పరుచుకునేది స్ట్రాటస్. వాన కురిసేది నింబస్. ఇవి ఒకదాంట్లోకి ఒకటి మారుతుంటాయి కాబట్టి నడిమి రూపాలకి జంటపేర్లు. 1802లోనే ఫ్రాన్సులో లామార్క్ కూడా మబ్బుల్ని వర్గీకరించాడుగాని, అతను పెట్టిన ఫ్రెంచి పేర్లు నిలబడలేదు. హొవార్డ్ లాటిన్ పేర్లు నిలబడ్డాయి.

మనకి మాత్రం మబ్బుల పేర్లు లేవా అంటే ఉన్నాయి. కారుమబ్బు, తెల్లమబ్బు, వానమబ్బు, తెలంగాణలో మొగులు. ఉగాదినాడు పంచాంగం వింటే ఆ ఏటి మేఘాధిపతి ఎవరో కూడా చెప్తారు. కాని మన రైతుకి కావలసింది మబ్బు ఎలా ఉందన్నది కాదు, కురుస్తుందా లేదా అన్నది. అందుకే అతను పేర్లు మబ్బులకన్నా ఎక్కువగా రోజులకి పెట్టుకున్నాడు: మృగశిర, ఆర్ద్ర, పునర్వసు. హొవార్డ్ చూసింది రూపం. కంటికి కనబడే ఆకారాన్ని బట్టి పైన గాలిలో ఏం జరుగుతోందో చెప్పవచ్చని అతని నమ్మకం.

*

హొవార్డ్ వ్యాసం 1815లో జర్మన్ భాషలోకి వచ్చింది. గిల్బర్ట్ నడిపే భౌతికశాస్త్ర పత్రికలో పడిన ఆ వ్యాసాన్ని వైమార్ ప్రభువు కార్ల్ ఆగస్ట్ తన మంత్రి దృష్టికి తెచ్చాడు. ఆ మంత్రి పేరు గొథే. అప్పటికి అతనికి 66 ఏళ్ళు. మొక్కల రూపాంతరాల గురించీ, రంగుల గురించీ పుస్తకాలు రాసి ఉన్నాడు. రూపం ఎలా మారుతుందన్నదే జీవితమంతా అతన్ని వెంటాడిన ప్రశ్న. ఆకులోంచి పువ్వు ఎలా వస్తుందో పట్టుకున్నాడుగాని ఆకాశం మాత్రం చేతికి చిక్కలేదు. ఇప్పుడు ఎవరో లండన్ మందుల వ్యాపారి దానికి నాలుగు కొక్కేలు తగిలించాడు.

ఆ తర్వాత గొథే వదిలిపెట్టలేదు. మబ్బులు బొమ్మలు గీసుకున్నాడు. 1820 వసంతంలో కార్ల్స్‌బాద్ ప్రయాణం పొడుగునా రోజువారీ మబ్బుల దినచర్య రాసుకున్నాడు. ఆ సంవత్సరమే హొవార్డ్ ప్రకారం మబ్బుల రూపాల మీద వ్యాసం ప్రచురించాడు. కార్ల్ ఆగస్ట్ సంస్థానంలో వాతావరణ పరిశీలన కేంద్రాలు వెలిశాయి. ఈ పేర్లు పెట్టిన మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించి లండన్‌లో ఉన్న ఒక పరిచయస్తుడి ద్వారా కబురు చేస్తే, గొథే అంతటివాడు తన గురించి అడగడమేమిటి, ఎవరో ఆటపట్టిస్తున్నారని హొవార్డ్ అనుకున్నాడట. చివరికి 1822లో తన జీవితం గురించి ఒక ఉత్తరం రాసి పంపాడు.

*

పేచీ వచ్చింది 1816లో. హొవార్డ్ చెప్పిన రూపాలకి చిత్రాలుంటే బాగుంటుందని గొథేకి అనిపించింది. ఆకాశాన్ని అప్పట్లో ఎవరు గీస్తారంటే ఎవరైనా చెప్పే పేరు డ్రెస్డెన్‌లో ఉండే కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్. పొగమంచు సముద్రం మీద కొండకొమ్మున వీపు తిప్పి నిలబడ్డ మనిషి బొమ్మ మీరెక్కడో అక్కడ చూసే ఉంటారు. అది అతనిదే, ఈ సంగతి జరిగిన ఒకటి రెండేళ్ళకి వేసింది. లూయిజె జైడ్లర్ అనే చిత్రకారిణి ఇద్దరికీ తెలుసు. ఆమె ద్వారా గొథే అడిగించాడు.

ఫ్రీడ్రిష్ కుదరదన్నాడు.

అతని అభ్యంతరం ఏమిటో జైడ్లర్ ఉత్తరం వల్ల మనకి తెలుసు. స్వేచ్ఛగా, తేలికగా తిరిగే మబ్బుల్ని తీసుకొచ్చి ఈ గదుల్లో బలవంతంగా కుక్కితే ప్రకృతి చిత్రణకి పునాదే కదిలిపోతుందని అతని భయం. అతనికి ఆకాశం ఒక నమూనాల బీరువా కాదు. బయట చూసినదాన్ని లోపల చూడగలిగినప్పుడే గియ్యాలనే మనిషి. ఒక శాస్త్రానికి బొమ్మలు వేసిపెట్టడం అతనికి ప్రార్థనని కూలికి చెప్పడంలాగా అనిపించి ఉండాలి. గొథే పని ఆగలేదు. తర్వాత వైమార్‌లోనే ఫ్రీడ్రిష్ ప్రెల్లెర్ అనే కుర్రవాడు మబ్బులు గీసి పెట్టాడు. కాని ఆ 'కుదరదు' మాత్రం చరిత్రలో మిగిలిపోయింది.

ఇది మొదటిసారి చదివినప్పుడు నా మనసు ఫ్రీడ్రిష్ వైపే మొగ్గింది. నాకు పట్టుకున్న బెంగే అతనిదీను. కాని తర్వాత జరిగింది చదివాక అంత తేలిగ్గా తీర్పు చెప్పలేననిపించింది.

*

హొవార్డ్‌ని స్తుతిస్తూ గొథే ఒక కవిత రాశాడు. మొదట స్ట్రాటస్, క్యుములస్, సిర్రస్, నింబస్, ఒక్కొక్కదాని మీదా ఒక్కొక్క ఖండిక. అది అసంపూర్ణంగా ఉందని ఇంగ్లండు మిత్రులు అనడంతో 1821లో ముందు మరికొన్ని చరణాలు చేర్చాడు. ఆ చేర్చిన చరణాల్లో మొదట వచ్చే పేరు చూసి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూచుండిపోయాను. ఆ పేరు కామరూప.

అదెక్కణ్ణుంచి వచ్చిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. హొరేస్ హేమన్ విల్సన్ మేఘదూతాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1813లో కలకత్తాలో అచ్చువేయించాడు. ఆ పుస్తకం గొథేకి చేరింది, అతనికెంతో నచ్చింది. యక్షుడు మేఘాన్ని పలకరిస్తూ నువ్వు కామరూపుడివి, ఇష్టం వచ్చిన రూపం ఎత్తగలవాడివి అంటాడు కదా, గొథే ఆ విశేషణాన్ని ఒక భారతీయ దేవత పేరుగా తీసుకున్నాడు. రూపాలు మార్చుకోవడంలో ఆనందించే దేవత అని వివరణ కూడా రాశాడు. అది పొరపాటే. కాని ఎంత చక్కని పొరపాటు! మబ్బుల్ని శాస్త్రానికి అప్పగించిన మనిషిని పొగడబోతూ, దేనికీ లొంగని ఆ కామరూపుణ్ణి ముందు నిలబెట్టి దండం పెట్టాడు. ఆ తర్వాతే, ఈ క్షణక్షణం మారేదాన్ని ఒక మనిషి తన పేర్లతో పట్టి నిలిపాడు చూడండి అన్నాడు.

మేఘదూతం తీసి ఆ శ్లోకం మళ్ళా చూశాను. మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం చెప్పుకునే మల్లినాథసూరి వ్యాఖ్యానం ఉన్న పుస్తకమే. కామరూపుడివి అన్న అదే శ్లోకంలో కాళిదాసు మేఘానికి వంశం కూడా చెప్తాడు. లోకమంతా ఎరిగిన పుష్కరావర్తకాల వంశంలో పుట్టావంటాడు. అంటే మబ్బుకి కులగోత్రాలున్నాయి, మబ్బుకి నిలకడైన రూపం లేదు, రెండూ ఒక్క శ్లోకంలోనే. యక్షుడికి అందులో పేచీ ఏమీ కనబడలేదు. ఎవరినైనా సాయం అడగాలంటే ముందు వాళ్ళ పేరూ ఊరూ తెలుసుకుని పలకరిస్తాం. పేరుపెట్టి పిలవడమంటే బంధించడమని మనం అనుకోం.

గొథే కూడా అక్కడితో ఆగలేదు. ఆ కవితకి తోడుగా మరొక చిన్న కవిత రాశాడు. దాని సారాంశం ఇది: విడదీసి గుర్తుపట్టాక, విడదీసినదానికి మళ్ళా ప్రాణం పొయ్యాలి. చిత్రకారుడూ కవీ హొవార్డ్ విభజన నేర్చుకోవాలి, నేర్చుకుని పొద్దుటా సాయంత్రం ఆకాశాన్ని చూడాలి, రూపాల మధ్య ఉండే మెత్తని సందుల్ని పట్టుకోవాలి. నాకది ఫ్రీడ్రిష్‌కి ఆలస్యంగా అందిన జవాబులాగా వినిపిస్తుంది.

*

మరి ఫ్రీడ్రిష్? 1824 శరదృతువులో అతను చిన్న చిన్న అట్టల మీద తైలవర్ణాలతో ఆకాశాన్ని గియ్యడం మొదలుపెట్టాడు. మనుషుల్లేరు, శిలువల్లేవు, దాదాపు నేల కూడా లేదు. సాయంకాలపు మబ్బులు, కొన్నింటి మీద నెల, సంవత్సరం. అందులో 'సాయంకాలం' అనే పటం ఇప్పుడు మాన్‌హైమ్‌లో ఉంది. ఆ ముందు ఏడే నార్వే నుంచి వచ్చిన చిత్రకారుడు యోహాన్ క్రిస్టియన్ దాల్ అతని ఇంట్లోనే కాపురముండటం మొదలుపెట్టాడు. దాల్‌కి ఆరుబయట కూచుని మబ్బుల్ని అక్కడికక్కడే గీసే అలవాటు. మరో మిత్రుడు, వైద్యుడు కూడా అయిన కార్ల్ గుస్తావ్ కారుస్ 1831లో ప్రకృతి చిత్రణ మీద తొమ్మిది ఉత్తరాల పుస్తకం వేశాడు. అందులో గొథే మబ్బుల కవితని ఎత్తి చూపాడు, ఎంతో కాలం పరిశీలించినవాడే అటువంటి కవిత రాయగలడని. ఫ్రీడ్రిష్ మనసు మార్చుకున్నాడని నేననను. అతను గీసినవి హొవార్డ్ పటాలు కావు. కాని 1816లో కుదరదన్న చెయ్యే ఎనిమిదేళ్ళ తర్వాత ఏ కథా చెప్పకుండా, మబ్బుని మబ్బుగా చూస్తూ కూచుంది.

శాస్త్రం వైపు నుంచి కూడా ఒక కొసమెరుపు ఉంది. 1890లో హాంబర్గ్‌లో మొదటి మబ్బుల అట్లాసు వెలువడింది. సంపాదకులు ముగ్గురు: స్వీడన్ వాడు హిల్డెబ్రాండ్‌సన్, హాంబర్గ్ సముద్ర వాతావరణ సంస్థ డైరెక్టరు నొయ్‌మాయెర్, అక్కడే పనిచేసే కొప్పెన్. పోటీ పరీక్షలకి చదివినవాళ్ళెవరూ మర్చిపోలేని ఆ శీతోష్ణస్థితి వర్గీకరణ కొప్పెనే. అప్పటికి ఫొటోలు వచ్చాయిగాని, ఆనాటి ప్లేట్ల మీద నీలం కూడా తెలుపులాగే పడేది. నీలాకాశంలో తెల్లమబ్బు కనబడకుండా పోయేది. అందుకని వాళ్ళు ఫొటోల పక్కన రంగుల్లో వేయించిన చిత్రాలు కూడా పెట్టవలసి వచ్చింది. గొథే 1816లో అడిగిన పని డెబ్భై నాలుగేళ్ళ తర్వాత చిత్రకారులు చేసి పెట్టారు. 1896లో అంతర్జాతీయ మబ్బుల అట్లాసు వచ్చింది, రకాలు పదయ్యాయి.

*

మళ్ళా నా పేస్టల్ పెట్టె దగ్గరికి వస్తాను. డ్రెస్డెన్ చిత్రశాలలో రోసాల్బా కరియేరా పేస్టల్స్ ఎన్నో ఉన్నాయి. పద్ధెనిమిదో శతాబ్దంలో ఆ సుద్దలు ముఖ్యంగా ముఖాల కోసం. బుగ్గ మీది మెత్తదనానికి అంత దగ్గరగా వచ్చే రంగు మరొకటి లేదు. అదే మెత్తదనం మబ్బుకి కూడా పనికొస్తుందని ఫ్రాన్సులో బూదాఁ చూపించాడు. 1859లో అతని పేస్టల్ ఆకాశాల్ని చూసిన బోద్లేర్, పక్కన రాసిన తేదీ, వేళ, గాలి మూసేసినా బొమ్మని చూసి అవేమిటో చెప్పవచ్చని మెచ్చుకున్నాడు.

నేను నేర్చుకున్నదీ అంతే. నేలమీంచి వేడెక్కి లేచిన గాలి పైకి పోతూ చల్లబడుతుంది, ఒక ఎత్తు దగ్గర అందులోని ఆవిరి నీటిచుక్కలవుతుంది. ఆ చుట్టుపక్కలంతా ఆ ఎత్తు దాదాపు ఒకటే, అందుకే క్యుములస్‌ల అడుగులన్నీ ఒకే మట్టం. అది తెలిశాక ముందు ఆ అడుగుల్నే ఊదారంగుతో గీస్తున్నాను, దూరం పోయేకొద్దీ దగ్గర దగ్గరగా. ఒక్కసారిగా కాగితంలోకి దూరం వచ్చింది. సిర్రస్‌లో ఉన్నవి మంచు పలుకులు కాబట్టి దాన్ని పులమను. సుద్దని పక్కకి పడుకోబెట్టి ఒక్క ఈడ్పు, అంతే. స్ట్రాటస్‌కి మాత్రం వేలే కుంచె. పేరు నా చేతికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తోంది. ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పదు, అది ఆ మబ్బునే అడగాలి.

యక్షుడు కూడా పేస్టల్ చిత్రకారుడేనని ఈమధ్యే గుర్తొచ్చింది. రామగిరి మీద రంగురాయి తీసుకుని బండమీద భార్య బొమ్మ గీస్తాడు, కన్నీళ్ళు అడ్డొచ్చి పూర్తిచెయ్యలేకపోతాడు. నిన్న సాయంత్రం ఒక క్యుములస్ నా కళ్ళముందే తల చెదిరి పరుచుకుపోయింది. దాన్ని ఏమని పిలవాలో తెలిసేలోపు ఇంకోటైంది. నేనూ సగంలోనే ఆపేశాను. కాగితం వెనక తేదీ, వేళ రాసి, పేరుండాల్సిన చోట ఖాళీ వదిలాను.