వ్యవసాయ మోటారు కాలిపోక ముందే ఇన్సులేషన్ పరీక్ష

పంట పూత మీద ఉన్నప్పుడు మోటారు కాలిపోతే రైతుకు రెండు నష్టాలు. మోటారు పైకి తీయించి, రీవైండింగ్ చేయించి, మళ్లీ బోరులో దించే ఖర్చు ఒకటి. ఆ నాలుగైదు రోజులు తడి అందక పంట దెబ్బతినడం రెండోది. చాలాసార్లు మోటారు ఉన్నట్టుండి కాలిపోదు. లోపలి రాగి తీగల మీద ఉండే ఇన్సులేషన్ నెలల తరబడి బలహీనపడుతూ వస్తుంది. ఆ బలహీనతను ముందే కొలవవచ్చు. ప్రతి సీజనుకు ముందు మెగ్గర్‌తో పరీక్ష చేయించి, వచ్చిన అంకెను రాసి పెట్టుకుంటే మోటారు ఎప్పుడు బాగు చేయించాలో మీకే తెలుస్తుంది.

ఇన్సులేషన్ ఎందుకు దెబ్బతింటుంది?

మోనోబ్లాక్ మోటార్లలో రాగి తీగకు ఎనామిల్ పూత ఉంటుంది. నీటితో నింపే సబ్‌మెర్సిబుల్ మోటార్లలో తీగకు ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఈ పొరలను ముఖ్యంగా కింది కారణాలు పాడు చేస్తాయి.

• వేడి: తట్టుకోగల హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ వేడికి ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. తక్కువ వోల్టేజీ, ఒక ఫేజు పోయినా మోటారు నడవడం, నీరు లేకుండా నడవడం, బురదలో కూరుకుపోవడం వల్ల వేడి పెరుగుతుంది.
• మూడు ఫేజుల్లో వోల్టేజీ తేడా: మూడున్నర శాతం తేడా ఉంటే వైండింగ్ వేడి పెరుగుదల సుమారు నాలుగో వంతు ఎక్కువవుతుంది.
• మాటిమాటికీ స్టార్ట్ కావడం: స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు తీసుకుంటుంది. కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు ఆటో స్టార్టరు పెట్టి ఉంచితే ఈ దెబ్బ పదే పదే తగులుతుంది.
• తేమ, ఒరిపిడి: మోటారు దించేటప్పుడు కేసింగ్ పైపుకు రాసుకుని కేబుల్ గీసుకుపోతుంది. సరిగా చుట్టని జాయింటులోకి నీరు దిగుతుంది.

పార్షియల్ డిశ్చార్జ్ అంటే ఏమిటి?

ఇన్సులేషన్ లోపల చిన్న గాలి బుడగ గానీ ఖాళీ గానీ ఉంటే, ఎక్కువ వోల్టేజీ దగ్గర ఆ ఖాళీలో సూక్ష్మమైన మెరుపు పుడుతుంది. అది ఇన్సులేషన్‌ను పూర్తిగా దాటదు కనుక మోటారు నడుస్తూనే ఉంటుంది. అయితే మెరుపు పుట్టిన ప్రతిసారీ చెద పురుగు కర్రను తిన్నట్టు ఇన్సులేషన్‌ను కొంచెం కొంచెం తినేస్తుంది. ఈ మెరుపుల విద్యుదావేశాన్ని పికోకూలాంబ్‌లలో కొలిచి, ఇన్సులేషన్ ఎంత పాతబడిందో ఇంజినీర్లు అంచనా వేస్తారు. వేల వోల్టులతో నడిచే పెద్ద మోటార్లకు, జనరేటర్లకు, హైటెన్షన్ కేబుళ్లకు ఈ పరీక్ష పనికొస్తుంది.

మీ పొలంలోని 415 వోల్టుల మోటారు నేరుగా లైను మీద నడుస్తుంటే ఈ పరీక్ష అవసరం సాధారణంగా రాదు. దానికి 500 వోల్టుల మెగ్గర్ చాలు. రీవైండింగ్ షాపుల్లో, మోటారు మెకానిక్‌ల దగ్గర ఇది ఉంటుంది.

సోలార్ పంపు ఉన్న రైతులకు

సోలార్ పంపు కంట్రోలరు ఏసీ మోటారుకు కరెంటును వేగవంతమైన వోల్టేజీ పల్సులుగా పంపుతుంది. కంట్రోలరు నుంచి మోటారుకు కేబుల్ పొడవుగా ఉంటే ఆ పల్సు మోటారు దగ్గర కంట్రోలరు లోపలి డీసీ వోల్టేజీకి దాదాపు రెట్టింపు దాకా పెరగవచ్చు. అంత వోల్టేజీ దగ్గర చిన్న మోటారులోనూ పార్షియల్ డిశ్చార్జ్ మొదలు కావచ్చు. అందువల్ల లోతైన బోరుకు సోలార్ పంపు పెట్టేటప్పుడు మోటారు ఈ రకం కరెంటుకు తగినదేనా, కంట్రోలరు తర్వాత ఫిల్టరు కావాలా అని సరఫరాదారును అడగండి. పాత రీవైండింగ్ మోటారును అడగకుండా సోలార్ కంట్రోలరుకు కలపవద్దు.

మెగ్గర్ పరీక్ష ఎలా చేయించాలి?

1. స్టార్టరు ఆపడంతో సరిపోదు. మెయిన్ స్విచ్ ఆపి, బోర్డులోని మూడు ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోండి. వ్యవసాయ కరెంటు ఏ క్షణంలోనైనా రావచ్చు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు ముట్టుకోవద్దు, అది లైన్‌మన్ పని.
2. మోటారు ఆపి కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. వైండింగ్ వేడిగా ఉంటే అంకె తక్కువగా చూపిస్తుంది.
3. మోటారు కేబుల్ తీగలను స్టార్టరు నుంచి విడదీయండి. కెపాసిటరును, సోలార్ కంట్రోలరును తప్పనిసరిగా వేరు చేయాలి. వాటికి మెగ్గర్ వోల్టేజీ తగిలితే పాడవుతాయి. ఎండ ఉన్నంత సేపు సోలార్ ప్యానెళ్ల తీగల్లో కరెంటు ఉంటుందని మరచిపోవద్దు.
4. మెగ్గర్ ఒక తీగను మోటారు తీగకు, రెండో తీగను ఇనుప కేసింగ్‌కు లేదా మోటారు బాడీకి పెట్టి ఒక నిమిషం పాటు చూడాలి. ప్లాస్టిక్ కేసింగ్ అయితే ఇన్సులేషన్ తీసిన ఒక తీగను బోరు నీటిలోకి దించి దానికి పెట్టాలి.
5. ఆరు తీగల మోటారు అయితే మూడు వైండింగ్‌లనూ విడివిడిగా, ఒకదానికొకటి మధ్య కూడా పరీక్షించాలి. మూడు తీగల మోటారులో వైండింగ్‌లు లోపలే కలిసి ఉంటాయి కనుక ఒక్క కొలత చాలు.

పరీక్ష సమయంలో తీగలను చేతితో పట్టుకోకూడదు.

అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

బోరులో దించి ఉన్న మోటారుకు, కేబుల్‌తో కలిపి చూసినప్పుడు:

• 2 మెగాఓమ్‌లు, అంతకంటే ఎక్కువ: బాగుంది.
• 0.5 నుంచి 2 మెగాఓమ్‌లు: నడపవచ్చు. నెల తర్వాత మళ్లీ పరీక్షించాలి.
• 0.5 మెగాఓమ్ కంటే తక్కువ: కేబుల్, జాయింటు, వైండింగ్‌లలో లోపం ఎక్కడుందో వెతికి బాగు చేయించాలి.

ఒక్క అంకె కంటే అంకెలు తగ్గుతున్న తీరు ఎక్కువ చెబుతుంది. ఉదాహరణకు మోటారు జూన్‌లో 40, నవంబరులో 18, మరుసటి జూన్‌లో 4 మెగాఓమ్‌లు చూపిందనుకోండి. 4 అనేది మంచి అంకే. కానీ ఏడాదిలో పదో వంతుకు పడిపోయింది. అలాంటి మోటారును పంట మధ్యలో నమ్ముకోకుండా ఖాళీ రోజుల్లోనే పైకి తీయించి చూపించడం మేలు.

మోటారు తీసిన వెంటనే వైండింగ్ పోయిందని తీర్మానించవద్దు. ముందుగా జాయింటు విడదీసి, రెండు చివరలూ పైకి ఉంచి కేబుల్‌ను నీటి డ్రమ్ములో ముంచి విడిగా పరీక్షించండి. కేబుల్ లేదా జాయింటులోనే లోపం ఉంటే తక్కువ ఖర్చుతో పోతుంది.

మోనోబ్లాక్ మోటారు వానకు తడిసి తక్కువ అంకె చూపితే ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ చూడండి. అంకె పెరిగితే అది తేమ వల్ల వచ్చిన తగ్గుదల. ఆరిన తర్వాత కూడా పెరగకపోయినా, ఎనామిల్ నల్లబడి పెచ్చులు రాలుతున్నా ఇన్సులేషన్ పాతబడినట్టే.

మెగ్గర్‌కు దొరకనిది

ఒకే వైండింగ్‌లో చుట్టుకు చుట్టుకు మధ్య షార్టు అయితే మెగ్గర్ చూపించదు. అందుకు మోటారు నడుస్తున్నప్పుడు క్లాంప్ మీటరుతో మూడు తీగల ఆంపియర్లు చూడాలి. వోల్టేజీ మూడు ఫేజుల్లో సమానంగా ఉండి కూడా ఆంపియర్లలో బాగా తేడా ఉంటే, లేదా నేమ్‌ప్లేటు మీద రాసిన దానికంటే ఎక్కువ ఉంటే మెకానిక్‌కు చూపించాలి.

రాసి పెట్టుకోవలసినవి

ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి పరీక్ష చేయించండి. తేదీ, మెగాఓమ్‌లు, మూడు ఫేజుల వోల్టేజీ, మూడు తీగల ఆంపియర్లు, బోరులో నీటి మట్టం ఒక నోటు పుస్తకంలో రాయండి. మెకానిక్ మారినా పుస్తకం మీ దగ్గరే ఉంటుంది.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త

ఇన్సులేషన్ పాడైన మోటారు కాలిపోవడమే కాదు, స్టార్టరు పెట్టెకు, పైపుకు కరెంటు పాకించగలదు. పెట్టెను ముట్టుకుంటే జిల్లుమంటే ఆ మోటారును మళ్లీ నడపవద్దు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. మోటారుకు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, డ్రై రన్ రక్షణ పెట్టించుకోండి.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లేదా 11 కేవీ లైను ఇన్సులేటరు దగ్గర చిటపట శబ్దం ఎడతెగకుండా వస్తున్నా, రాత్రి నీలి మెరుపు కనిపించినా అక్కడా డిశ్చార్జ్ జరుగుతోందని అర్థం. దగ్గరకు వెళ్లకుండా లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912 నంబరుకు ఫోన్ చేయండి.