ముక్కు దాటి మందుల దాకా

1991 ఏప్రిల్‌లో ‘సెల్‌’ పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో లిండా బక్‌, రిచర్డ్‌ ఆక్సెల్‌ ఎలుక ముక్కులోని పొరను జల్లెడ పట్టి, వాసనను పట్టే ప్రొటీన్ల కుటుంబాన్ని బయటపెట్టారు. అప్పటికి చేతికి చిక్కినవి 18. అసలు కుటుంబం చాలా పెద్దదని మాత్రం వాళ్లకు అప్పుడే అర్థమైంది. 2004లో నోబెల్‌ వచ్చింది. మనిషిలో పనిచేసే ఘ్రాణ గ్రాహక జన్యువులు సుమారు 400 అని ఇప్పుడు తెలుసు.

ఈ గ్రాహకాలు జీపీసీఆర్‌ అనే పెద్ద తెగకు చెందినవి. నేడు వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు ఆ తెగ మీదే పనిచేస్తాయి. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లు, జలుబుకి వేసుకునే సెట్రిజిన్‌ వీటిలోవే. మనిషిలో ఆ తెగ సభ్యుల్లో సగం దాకా ఘ్రాణ గ్రాహకాలే. అయినా వాటికే గురిపెట్టి తయారై ఆమోదం పొందిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇవి ముక్కుకే పరిమితం కావన్న సూచన తొందరగానే దొరికింది. 1992లో బ్రస్సెల్స్‌ బృందం కుక్క వృషణాల్లో వీటి జాడ కనిపెట్టింది. 2003లో జర్మనీలోని బోఖుమ్‌లో మార్క్‌ ష్పేర్‌, హాన్స్‌ హాట్‌ బృందం ఇంకో అడుగు వేసింది. మనిషి వీర్యకణాలను బోర్జియోనాల్‌ అనే పూలవాసన రసాయనం దగ్గర వదిలితే, అవి దాని వైపు మళ్లి, వేగం పెంచి ఈదాయి. పత్రికలకు ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? తొమ్మిదేళ్లు తిరక్కుండానే నీళ్లు చల్లినట్టయింది. బోర్జియోనాల్‌ గ్రాహకంతో పనిలేకుండా, వీర్యకణంలోని క్యాట్‌స్పర్‌ అనే కాల్షియం మార్గాన్ని నేరుగా తెరుస్తోందని 2012లో మరో జర్మన్‌ బృందం చూపింది. ఈ రంగంలో సంబరం ముందు, సందేహం తర్వాత రావడం అప్పటికే రివాజైపోయింది.

ప్రోస్టేట్‌ కథ ఇంకా చిక్కు. ఆ గ్రంథిలో విరివిగా, క్యాన్సర్‌ వచ్చినప్పుడు మరింత ఎక్కువగా కనిపించే ఓఆర్‌51ఇ2 అనే ఘ్రాణ గ్రాహకం గురించి 2000లో తెలిసింది. వయొలెట్‌ పూల పరిమళానికి కారణమైన బీటా అయనోన్‌తో దీన్ని తట్టిలేపితే క్యాన్సర్‌ కణాల పెరుగుదల తగ్గిందని 2009లో బోఖుమ్‌ వాళ్లే చెప్పారు. తర్వాత 2014లో వేరే బృందం, అదే గ్రాహకం చురుకైతే ఆ కణాలు పక్క కణజాలంలోకి చొరబడే గుణం పెరుగుతోందని తేల్చింది. పెరుగుదల తగ్గి పాకడం పెరిగితే రోగికి ఒరిగేదేమిటి? మందు సంగతి అక్కడే ఆగింది. రోగాన్ని పట్టిచ్చే గుర్తుగా మాత్రం అది నిలబడింది. మూత్రంలో దాని ఆర్‌ఎన్‌ఏను కొలిచి క్యాన్సర్‌ను పసిగట్టే ప్రయత్నాలు జరిగాయి.

2013లో జెన్నిఫర్‌ ప్లుజ్నిక్‌ బృందం ఈ గ్రాహకానికే చిట్టెలుకలో జోడీ అయిన ఓఎల్‌ఎఫ్‌ఆర్‌78ని మూత్రపిండంలో చూసింది. పేగుల్లోని బ్యాక్టీరియా పీచుపదార్థాన్ని పులియబెట్టి వదిలే ప్రొపియోనేట్‌ దీన్ని తాకితే రెనిన్‌ అనే ఎంజైము విడుదలై రక్తపోటు మారుతుంది. ఆ మరుసటి ఏడు చర్మంలోని ఓఆర్‌2ఏటీ4 వంతు వచ్చింది. శాండలోర్‌ అనే కృత్రిమ చందన పరిమళం తగిలితే ప్రయోగశాలలో చర్మకణాలు త్వరగా గాయం పూడ్చాయి. ఇది చదివి గంధం అరగదీసి పుళ్ల మీద రాయకండి, ప్రయోగం జరిగింది కృత్రిమ రసాయనంతో.

2022లో లా హొయాలో క్లాస్‌ లే బృందం రక్తనాళాల గోడల్లోని మాక్రోఫేజ్‌ అనే రక్షణ కణాల్లో ఓఎల్‌ఎఫ్‌ఆర్‌2 గ్రాహకాన్ని గుర్తించింది. ఆక్టనాల్‌ అందిస్తే ఎలుకల్లో ధమనుల పూడిక పెరిగింది, నిమ్మగడ్డి వాసనలో ఉండే సిట్రాల్‌తో అడ్డుకుంటే తగ్గింది. మనిషిలో దీని జోడీ ఓఆర్‌6ఏ2. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన కొట్టడానికి కారణమని అనుమానిస్తున్నదీ ఇదే!

ఇన్ని జాడలున్నా మందు ఎందుకు రాలేదు? పనిముట్లు సరిగా లేక. ప్రయోగశాల కణాల్లో ఈ ప్రొటీన్లు పైపొరకు చేరక లోపలే ఇరుక్కుపోతాయి. వాటిని పైకి చేర్చే ఆర్‌టీపీ తోడు ప్రొటీన్లను హిరోఆకీ మత్సునామి బృందం కనిపెట్టేసరికి 2004 వచ్చింది. చాలా గ్రాహకాలకు ఏ రసాయనం సరిపోతుందో ఇప్పటికీ తెలియదు. వీటిని గుర్తించే యాంటీబాడీల్లో అనేకం నమ్మదగినవి కావు. ఆర్‌ఎన్‌ఏ కాస్త కనిపించినంత మాత్రాన ప్రొటీన్‌ అక్కడ పనిచేస్తోందని చెప్పలేం.

ఒక మానవ ఘ్రాణ గ్రాహకపు త్రిమితీయ ఆకృతి తొలిసారి కంటికి కనిపించింది 2023లోనే. ఆశిష్‌ మాంగ్లిక్‌, మత్సునామి బృందాలు క్రయో ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపుతో ఓఆర్‌51ఇ2లో ప్రొపియోనేట్‌ ఎలా ఒదిగిందో చూపాయి. ఇక చీకట్లో రాళ్లు విసరాల్సిన పనిలేదు, గ్రాహకంలో రసాయనం ఒదిగే గుంట ఆకారం చూసి రసాయనాన్ని మలచవచ్చు. అయినా నా అంచనా ఒక్కటే: ఈ గ్రాహకాలు మందుల గురిగా మారేలోపు రోగ సూచికలుగానే ఆసుపత్రి గడప తొక్కుతాయి, అందులోనూ ముందు వరసలో ప్రోస్టేట్‌ ఉంటుంది.