ఆదివారం మెగా బ్లాక్

శనివారం ముంబయి పత్రికల్లో ఏదో ఒక మూలన చిన్న ప్రకటన ఒకటి వస్తుంది. మొదటి పేజీ తిప్పేసే మనిషి కూడా ఆ నాలుగు వాక్యాలు మాత్రం వదలడు. రేపు పగటిపూట ఫలానా స్టేషను నుంచి ఫలానా స్టేషను దాకా మెగా బ్లాక్, అంటే పనుల కోసం లైను మూత. స్లో లోకళ్లు ఫాస్ట్ లైను మీద నడుస్తాయి. విద్యావిహార్, కాంజుర్‌మార్గ్, నాహుర్‌లలో ఆగవు. హార్బర్ లైను టికెట్టు ఉన్నవాళ్లు మెయిన్ లైనులో పోవచ్చు. ఆ మూడు స్టేషన్లలో ఫాస్ట్ లైనుకు ప్లాట్‌ఫారం లేదు. కాబట్టి ఆ వేళ కాంజుర్‌మార్గ్‌లో దిగాల్సిన మనిషి దాన్ని కళ్లముందే దాటిపోయి, భాండుప్‌లో దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి రావాలి. వెంట చంటిబిడ్డ ఉన్నా, పెళ్లి సామాను ఉన్నా ఇదే దారి.

బ్లాకులకు కారణాలు చాలా. పట్టాల మరమ్మతు ఒకటి, సిగ్నళ్లు ఒకటి, వంతెనలు ఒకటి. కానీ ఆ ఊరి ప్రయాణికుల ఓపికను ఏళ్ల తరబడి అడిగిన పని మరొకటుంది. రైలు నెత్తిమీది తీగలో పారే కరెంటునే మార్చడం: 1,500 వోల్టుల డీసీ తీసేసి 25,000 వోల్టుల ఏసీ పెట్టడం. రోజుకు 70 లక్షలకు పైగా జనం ఎక్కిదిగే రైళ్లను నడుపుతూనే దాన్ని మార్చారు. కాపురం ఉంటూనే ఇల్లు విప్పి కట్టుకోవడం లాంటి పని అది.

అసలు డీసీ ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి హార్బర్ మార్గంలో కుర్లాకు దేశంలోనే మొట్టమొదటి కరెంటు రైలు బయల్దేరింది. బొంబాయి గవర్నర్ సర్ లెస్లీ విల్సన్ ప్రారంభించారు. 1928లో పశ్చిమ మార్గంలో బోరివలి దాకా కరెంటు వచ్చింది. ఆ తర్వాత కనుమలెక్కి ఇగత్‌పురి, పూనా చేరింది. ఆ రోజులకు అది సరైన ఎంపికే. డీసీ మోటారు కదిలేటప్పుడే గట్టిగా లాగుతుంది. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య రెండు మూడు నిమిషాలే ఉండే చోట రైలుకు కావలసింది ఆ లాగుడే. ఏసీని రైల్లోనే డీసీగా మార్చే నమ్మకమైన యంత్రం అప్పటికి ఇంకా తయారు కాలేదు. అందుకే ఆ మార్పిడి పట్టాల పక్క సబ్‌స్టేషన్లలో చేసి, సిద్ధమైన డీసీని తీగలోకి వదిలారు.

చిక్కు రైళ్లు పెరిగాక మొదలైంది. లెక్క చాలా చిన్నది. ఒక రైలుకు 3 మెగావాట్ల శక్తి కావాలంటే, 1,500 వోల్టుల తీగలో 2,000 ఆంపియర్ల కరెంటు పారాలి. అదే శక్తిని 25,000 వోల్టుల తీగ సుమారు 120 ఆంపియర్లతో అందిస్తుంది. కరెంటు ఎంత ఎక్కువైతే తీగ అంత లావవ్వాలి, దారిలో వోల్టేజి అంత పడిపోతుంది, కొన్ని కిలోమీటర్లకో సబ్‌స్టేషను కట్టుకుంటూ పోవాలి. తొమ్మిది పెట్టెల బండి పన్నెండు పెట్టెలైంది. ఒక దాని వెనక ఇంకొకటి నిమిషాల తేడాతో పరుగెత్తడం మొదలైంది. తలుపు దగ్గర వేలాడే జనాన్ని తగ్గించాలంటే ఇంకా రైళ్లు కావాలి, ఇంకా రైళ్లు నడపాలంటే ఆ పాత తీగ మోయలేదు. చాలామంది ఈ మార్పును విద్యుత్తు ఆదాగానే చూస్తారు. నాకు మాత్రం ఇది ఊపిరాడని పెట్టెలో నిలబడ్డ మనిషి కోసం జరిగిన పనిగానే కనిపిస్తుంది.

అధిక వోల్టుల ఏసీ దారి యూరప్‌లో తెరుచుకుంది. ఊరికి వెలుతురిచ్చే 50 హెర్ట్‌జ్ కరెంటునే నేరుగా రైలుకూ ఇవ్వాలని హంగరీ ఇంజనీరు కాల్‌మాన్ కాందో పట్టుబట్టాడు. బుడాపెస్ట్ నుంచి హెగ్యెష్‌హాలోమ్ వైపు 16,000 వోల్టులతో ఆ రైళ్లు 1932లో నడిచాయి. అది చూడకుండానే 1931లో ఆయన పోయాడు. 1936లో జర్మనీ నల్ల అడవుల్లోని హోలెన్‌టాల్ కొండ మార్గంలో 20,000 వోల్టులతో ప్రయోగాలు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ప్రాంతం ఫ్రాన్సు అధీనంలోకి వచ్చింది. అక్కడి ఫలితాలను లూయీ అర్మాన్ నాయకత్వంలో ఫ్రెంచి రైల్వే ఇంజనీర్లు శ్రద్ధగా పరిశీలించి, సావోయ్ కొండల్లో మొదట 20,000, తర్వాత 25,000 వోల్టులతో సొంత ప్రయోగం చేశారు. 1950ల నడుమ వాలెన్‌సియెన్-తియోన్‌విల్ సరుకు మార్గంలో దాన్ని నిరూపించారు. రైల్లోనే ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కనే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు. కాందో నాటికి రైల్లో నమ్మకంగా పనిచేసే రూపంలో లేని వస్తువు ఆ రెక్టిఫయరే. భారత రైల్వేలు 1957లో ఈ పద్ధతిని స్వీకరించాయి. విజయవాడ మార్గాలకు కరెంటు వచ్చేనాటికి కొత్త మార్గాలకు 25,000 వోల్టుల ఏసీయే ప్రమాణంగా స్థిరపడింది గనుక, మన వైపు తీగ మార్చుకోవాల్సిన అవసరమే పడలేదు.

హౌరా, మద్రాసు లోకల్ మార్గాల్లోనూ మొదట డీసీయే ఉండేది. రెండూ 1960ల్లోనే మారిపోయాయి. అప్పటికి వాటి రద్దీ తక్కువ. బొంబాయి మాత్రం ఆగిపోయింది. ఆగినకొద్దీ రద్దీ పెరిగింది, రద్దీ పెరిగినకొద్దీ పని మరింత కష్టమైంది. 1999లో ముంబయి రైల్వే వికాస్ కార్పొరేషన్ ఏర్పడ్డాకే దీనికి ఊపు వచ్చింది.

ముందు దొరికిన పరిష్కారం తీగలో కాదు, బండిలో. రెండు రకాల కరెంటుతోనూ నడిచే లోకల్ రైళ్లు తయారుచేశారు. అవి ఏసీ ముక్కలో ఏసీ తాగుతాయి, డీసీ ముక్కలో డీసీ తాగుతాయి. రెండింటి నడుమ కరెంటు లేని కొంత తీగ ఉంటుంది. అక్కడ మోటర్‌మన్ స్విచ్చి ఆపేసి, రైలును దాని ఊపు మీదే దొర్లనిస్తాడు. పెట్టెలో లైట్లు ఒక్క క్షణం ఆరి వెలుగుతాయి. ఈ బండ్లు రావడంతో ఊరంతా ఒకే రాత్రి మార్చాల్సిన పని తప్పింది. ఒక్కో ముక్క మార్చుకుంటూ పోవచ్చు. ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఏదని అడిగితే నేను ఈ బండినే చూపిస్తాను.

మిగిలింది పని చేసే వేళ. ముంబయిలో ఆఖరి లోకల్ వెళ్లి మళ్లీ మొదటి లోకల్ వచ్చేలోపు మహా అయితే మూడు గంటలు. అందులోంచి ముందు ట్రాఫిక్ బ్లాక్ తీసుకోవాలి, అంటే ఆ లైను మీదికి బండి రాకుండా స్టేషను మాస్టర్లు కట్టేయాలి. తర్వాత పవర్ బ్లాక్, అంటే తీగలో కరెంటు ఆపేయాలి. ఆపాక కూడా తీగకు అటూఇటూ ఎర్త్ రాడ్లు తగిలించి, రాతపూర్వకంగా అనుమతి చేతికొచ్చేదాకా తీగ పనికి వాడే టవర్ వ్యాగన్ మెట్టు ఎవరూ ఎక్కరు. పని ముగిశాక ఇదంతా వెనక నుంచి ముందుకు చేసుకురావాలి. పోనూ రానూ పోతే చేతిలో మిగిలేది ఎంత! అందుకే ఆదివారం పగలు అవసరమైంది. ఇచ్చిన వేళలోపు పని తెమలకపోతే ‘బ్లాక్ బరస్ట్ అయింది’ అంటారు రైల్వే వాళ్లు. ఆ మాట వెనక ఒక్కో ప్లాట్‌ఫారం మీద వేల మంది నిలబడి ఉంటారు.

మార్చాల్సింది తీగ ఒక్కటే అయితే బావుండేది. 1,500 వోల్టులకు సరిపోయిన పింగాణీ ఇన్సులేటర్లు 25,000కు ఆగవు. వాటిని ముందే, స్తంభం తర్వాత స్తంభం, పెద్దవి పెట్టుకుంటూ పోయారు. సిగ్నళ్ల సంగతి ఇంకా చిత్రం. పట్టా మీద రైలుందో లేదో కనిపెట్టడానికి పట్టాల్లో చిన్న కరెంటు పంపుతారు. రైలు నడిపే కరెంటు కూడా ఆ పట్టాల గుండానే తిరిగిపోతుంది. రెండూ కలగాపులగం కాకుండా, డీసీ రైళ్ల మార్గంలో సిగ్నలుకు ఏసీ వాడారు. ఇప్పుడు రైలే ఏసీ అయింది గనుక సిగ్నళ్ల ఏర్పాటంతా తిరగరాయాలి. పక్కనే పోయే టెలిఫోను తీగల్లోకి ఏసీ ప్రభావం పాకకుండా వాటినీ మార్చాలి. ఇక పాత వంతెనలు. వాటి అడుగుకూ తీగకూ మధ్య చాలినంత ఎడం లేకపోతే, వంతెన ఎత్తాలి లేదా పట్టా దించాలి. ముంబయిలో పట్టా దించితే వానాకాలం నీళ్లు నిలుస్తాయి.

ఆదివారం రద్దీ తక్కువ అన్న మాట నిజమే. కానీ ఆ తక్కువలో ఎవరున్నారు? ఆసుపత్రి డ్యూటీకి పోయే నర్సులు, నాలుగిళ్లలో వంట చేసే ఆడవాళ్లు, దుకాణంలో నిలబడే కుర్రాళ్లు, పోటీ పరీక్ష రాసే పిల్లలు. సోమవారం ఆఫీసుకు పోయేవాడి సెలవు రోజు వీళ్ల పనిరోజు. విశాఖపట్నం నుంచో కాకినాడ నుంచో లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగి, మూటలు మోసుకుంటూ పక్కనున్న తిలక్‌నగర్‌లో హార్బర్ లోకల్ కోసం చూసే మనవాళ్లకు, ముందురోజు మరాఠీ పేపర్లో వచ్చిన ప్రకటన ఎలా తెలుస్తుంది? హార్బర్ టికెట్టుతో మెయిన్ లైనులో పోవచ్చనే వెసులుబాటు మంచిదే, కానీ అది తెలిసినవాడికే అక్కరకొస్తుంది. స్టేషను గుమ్మం దగ్గరే, వచ్చిపోయే జనం భాషల్లో, పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం తీగ మార్చినంత కష్టమేమీ కాదు.

మొత్తం మూసేస్తే త్వరగా తేలిపోతుంది కదా అనేవాళ్లుంటారు. లండన్‌లో గాస్పెల్ ఓక్-బార్కింగ్ మార్గాన్ని కరెంటు తీగ వేయడానికి అలాగే మూశారు. సుమారు 22 కిలోమీటర్ల ఆ దారిలో రెండు పెట్టెల డీజిల్ బండ్లు కిక్కిరిసి నడిచేవి. 2016 జూన్‌లో మూత మొదలైంది. మొదట కొంత భాగం, తర్వాత మొత్తం. జనాన్ని బస్సులెక్కించారు. 2017 ఫిబ్రవరిలో తెరిచేసరికి పని పూర్తి కానేలేదు. కొన్ని స్తంభాల నిర్మాణాలు తప్పుగా రూపొందాయి, సామాను సకాలంలో రాలేదు. అదే ఏడాది చివర్లో మళ్లీ మూశారు. జనం కరెంటు రైలు ఎక్కింది 2019 మేలో. ఆ తర్వాత ఒక నెలపాటు టికెట్టు లేకుండా తిప్పి ప్రయాణికులకు పరిహారంగా ఇచ్చారు. ముంబయి ఆదివారాలకు అలాంటి నెల ఎవరూ ఇవ్వలేదు.

ముంబయిలో పశ్చిమ మార్గం 2012 ఫిబ్రవరికి చర్చ్‌గేట్ దాకా ఏసీ అయింది. మెయిన్ లైను 2015 జూన్‌లో, హార్బర్ 2016 ఏప్రిల్ 9-10 తేదీల నడుమ రాత్రి మారాయి. అంతకుముందు నుంచే పైకప్పు మీద ప్రయాణించే కుర్రాళ్లను రైల్వే వాళ్లు పదేపదే హెచ్చరించారు. కొత్త తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకు పోతేనే అది మనిషి మీదికి దూకుతుంది.

హార్బర్ మార్పుకు ముందు శాండ్‌హర్స్ట్ రోడ్డు దగ్గర హాంకాక్ వంతెన అడ్డొచ్చింది. 1879 నాటిది, పొట్టిది. 2016 జనవరి 10న 18 గంటల బ్లాకు తీసుకుని దాన్ని కూల్చారు. ఆ రోజు సీఎస్టీ (పాత విక్టోరియా టెర్మినస్) చేరాల్సిన లోకళ్లు నడుమనే ఆగాయి. మర్నాటికి రైళ్లు యథాప్రకారం నడిచాయి, పత్రికలు మెచ్చుకున్నాయి. డోంగ్రీ, మజ్‌గావ్ జనానికి మాత్రం పట్టాలకు అటువైపున్న బడికీ పనికీ ఉన్న దారి పోయింది. చాలామంది పట్టాల మీదుగానే దాటడం మొదలుపెట్టారు, పిల్లలతో సహా. తాత్కాలికంగా ఒక కాలినడక వంతెనైనా వేయమన్న పోరు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. కూల్చే ముందే వేసి ఉండాల్సిన వంతెన అది. కొత్త హాంకాక్ వంతెన వాహనాలకు తెరుచుకుంది 2022లో.